కొట్టే చేతులు, ఆడే కాళ్లు: వీర్నపల్లి బరాత్ నుంచి బ్రెజిల్ డ్యాన్స్ హాలు దాకా

ఒక ఊర్లో కులం ఎట్లా నడుస్తుందో తెలుసుకోవాలంటే బావి చూడాలి, గుడి చూడాలి, హోటల్లో గ్లాసులు చూడాలి అని మన పెద్దలు నేర్పించారు. ఇంకో చోటు కూడా చూడాలని మేం అంటున్నాం. అది ఊరు ఎగిరి ఆడే చోటు. పెండ్లి బరాత్, పీర్ల గుండం, బోనాల ఊరేగింపు, జాతర. అక్కడ నిలబడి మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. కొట్టేది ఎవరు? ఆడేది ఎవరు? "నేను కొట్టను" అనే హక్కు ఎవరికి ఉంది?

ఈ ప్రశ్నలు మన ఒక్కరివే కావు. సముద్రాల అవతల బ్రెజిల్‌లో నల్లజాతి ప్రజలు డ్యాన్స్ హాళ్ల చుట్టూ నూరేండ్లకు పైగా దాదాపు ఇవే ప్రశ్నలతో కొట్లాడారు. వాళ్ల కథను మన డప్పు కథ పక్కన పెట్టి చదివితే, ఆట పాటల విషయంలో మనం ఏం గెలిచామో, ఏం గెలవాల్సి ఉందో తెలుస్తుంది. ఆ ప్రయత్నమే ఈ వ్యాసం.

మన ఆట స్థలాలు

వీర్నపల్లి రాజన్న సిరిసిల్ల జిల్లాలో అడవి అంచున ఉన్న మండలం. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఎల్లారెడ్డిపేట నుంచి విడిపోయి మండల కేంద్రమైంది. చుట్టూ లంబాడా తండాలు ఎక్కువ. ఇక్కడ డ్యాన్స్ హాలు అనే మాటకు పని లేదు. ఆట అంతా నడిబజార్లోనే.

మొహర్రం నెలలో తెలంగాణ పల్లెల్లో పీర్లు లేస్తాయి. ముస్లింల సంతాప దినాలే అయినా ఊరంతా కదులుతుంది. బీసీలు, దళితులు కూడా పీర్లు ఎత్తుతారు. గుండం చుట్టూ డప్పు మోతకు అన్ని కులాల మగవాళ్లు అడుగు వేస్తారు. బతుకమ్మ నాడు ఊరి ఆడవాళ్లు గుడి ముందో చెరువు గట్టునో ఆడితే, వాడ ఆడవాళ్లు వాడలోనే వేరుగా ఆడుకున్న ఊర్లు ఎన్నో. తండాల్లో తీజ్ వస్తే పెండ్లి కాని ఆడపిల్లలు తొమ్మిది రోజులు గోధుమ మొలకల బుట్టలకు నీళ్లు పోసి, వాటి చుట్టూ తిరుగుతూ ఆడిపాడతారు.

ఊర్లలో బోనం ఎత్తినా, పీరు లేచినా, పెండ్లి పిల్లగాడు గుర్రమెక్కినా ముందు నడిచేది డప్పు. ఆ డప్పు తరతరాలుగా మాదిగల భుజానిది. ఆట సాగుతున్నంత సేపు అందరూ కలిసినట్టే కనిపిస్తారు. ఆట అయిపోయి బువ్వ వేళ అయ్యేసరికి డప్పు కొట్టిన వాళ్ల విస్తరి ఎక్కడ పడిందో చూడాలి. ఆటలో కలుపుకున్న ఊరు బంతిలో విడగొడుతుంది.

తోలు అంటరానిది, మోత కావాల్సింది

డప్పు చూడడానికి సాదాగా ఉంటుంది. గుండ్రటి కట్టె చట్రం, దానికి మేక తోలు. తోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, చింతగింజల జిగురుతో చట్రానికి అతికించి, లాగి బిగిస్తారు. ఒక చేతిలో దొడ్డు కట్టె, దాన్ని సిర్ర అంటాం. రెండో చేతిలో సన్నటి చిటికెన పుల్ల. కొట్టే ముందు గడ్డి మంట మీద కాస్తారు. వేడికి తోలు బిగిస్తేనే డప్పుకు గొంతు లేస్తుంది. గాలిలో తేమ ఉంటే మోత చచ్చుపడుతుంది కాబట్టి మధ్య మధ్య మళ్లీ కాస్తారు. పెండ్లికి ఒక దరువు, చావుకు ఒకటి, చాటింపుకు ఒకటి, అమ్మవారికి ఒకటి. దూరం నుంచి దరువు విని ఊర్లో ఏం జరుగుతోందో పసిపిల్లలు కూడా చెప్పగలరు. ఆంధ్ర వైపు దీన్నే పలక అంటారు, రాయలసీమలో తప్పెట.

ఇందులో తోలు శుద్ధి చేసే జ్ఞానం ఉంది, వడ్రంగం ఉంది, లయ ఉంది. అయినా తోలు ముట్టిన చేతులను అంటరానివిగా చేసి, ఆ తోలు మోతను మాత్రం ప్రతి శుభానికీ, ప్రతి చావుకూ వాడుకున్నారు. మృదంగం కూడా తోలుతోనే మోగుతుంది. మృదంగాలు చేసే కుటుంబాల గురించి, వాళ్లలో చాలామంది దళిత క్రైస్తవులు, గాయకుడు టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే పుస్తకం తెచ్చారు. ఆవిష్కరణ సభకు ముందు ఇచ్చిన అనుమతిని చెన్నైలోని కళాక్షేత్ర వెనక్కి తీసుకుంది. వాద్యానికి కచేరీలో చోటు ఉంది. దాన్ని చేసిన చేతుల ప్రస్తావనకే చోటు లేకపోయింది.

వెట్టి డప్పు

నిజాం కాలంలో దొరల గడీల కింద డప్పు వెట్టిలో భాగం. దొర ఇంట్లో పెండ్లి అయినా, చావు అయినా, పెద్ద దొర ఊర్లోకి వచ్చినా వాడ నుంచి మనిషి పోవాల్సిందే. కూలి లేదు. ఉంటే ఇన్ని గింజలు, ఇంత కల్లు. డప్పు కొట్టేవాళ్లకు పైసలకు బదులు తాగుడు అలవాటు చేసిన ఈ పద్ధతి ఎన్ని ఇండ్లు గుల్ల చేసిందో మన వాడల్లో ఎవరికీ విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 23వ అధికరణతో వెట్టిని నిషేధించింది. ఊర్లలో అది మాటతో పోలేదు. జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్లో రైతు కూలీ సంఘాలు పెట్టుకుని జనం దొరలను నిలదీసిన కాలం వచ్చాకే కదిలింది. 1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. తర్వాతి నెలలోనే ప్రభుత్వం ఈ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. ఆ పోరాటంలో జీతగాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు, క్షౌరం చేసేవాళ్లు దొరలకు పని బంద్ పెట్టారు. ఊరి పెద్దల చేతిలో ఉన్న బహిష్కరణ అనే కర్రను కింది కులాలు లాక్కుని దొరల వైపే తిప్పాయి. మేం ఈ చరిత్రను పదే పదే గుర్తు చేసేది ఇందుకే. "చేయను" అనే మాట ఈ నేల మీద ఊరికే రాలేదు.

ఆ మాటకు ఇప్పటికీ శిక్ష పడుతూనే ఉంది. 2024 సెప్టెంబరులో మెదక్ జిల్లా మనోహరాబాద్ మండలం గౌతోజిగూడలో, చావులకు డప్పు కొట్టబోమన్న మాదిగ కుటుంబాన్ని ఊరు బహిష్కరించిందన్న ఫిర్యాదు మీద పోలీసులు కేసు పెట్టారు. ఉత్తర తెలంగాణలో గ్రామాభివృద్ధి కమిటీల పేరుతో నడిచే బహిష్కరణలు కార్యకర్తలకు కొత్త కాదు. డప్పు కొట్టడంలో అవమానం లేదు. కొట్టక తప్పదనడంలో ఉంది.

ఒక డోలు, ఒక సెనేటర్

ఇక బ్రెజిల్ సంగతికి వద్దాం. అమెరికా ఖండాల్లో బానిసత్వాన్ని అందరికంటే ఆఖరున రద్దు చేసిన దేశం అది, 1888 మే 13న. రద్దయితే చేశారు కానీ భూమి ఇవ్వలేదు, బడి ఇవ్వలేదు. రెండేళ్లకే, 1890లో వచ్చిన శిక్షాస్మృతి నల్లవాళ్ల కపోయెరా ఆటను నేరం చేసింది. పని లేకుండా తిరగడాన్నీ నేరం చేసింది. ఈ చట్టాల నీడలో సాంబా పాడేవాళ్లను, డోలు మోసేవాళ్లను పోలీసులు వీధుల్లో పట్టుకునేవాళ్లు.

జొవావ్ ద బయానా అనే నల్లజాతి కళాకారుడి ఉదంతం అక్కడ అందరికీ తెలుసు. ఆయన వాయించేది పండేరు, మన కంజీర లాంటి చేతి వాద్యం. 1908లో రియో డి జనీరోలో ఒక తిరునాళ్లలో పోలీసులు దాన్ని లాక్కున్నారు. ఆయన సంగీతం ఇష్టపడే సెనేటర్ పిన్హేరు మషాదు తన పేరు చెక్కించిన కొత్త పండేరు ఒకటి బహుమతిగా ఇచ్చాడు. ఆ పేరు చూసి పోలీసులు జోలికి రాలేదంటారు. కథ వినసొంపుగానే ఉంది. కానీ సెనేటర్ దయ లేనివాడి డోలు మాటేమిటి? మన ఊర్లో దొర మెచ్చిన డప్పు కళాకారుడికి శాలువా కప్పడం, మిగతా వాడ మొత్తం వాకిలి బయటే నిలబడడం ఇదే లెక్క. దయ వేరు, హక్కు వేరు.

మర్యాద గోడ మీద రాసుకున్న హాళ్లు

1920ల చివర, 1930లలో రియోలో గఫియేరా అనే డ్యాన్స్ హాళ్లు వెలిశాయి. 1930లో మొదలైన ఎలీచ్ క్లబ్ వాటిలో పేరున్నది. అక్కడికి వచ్చేది రేవు కూలీలు, ఇండ్లలో పనిచేసే ఆడవాళ్లు, చిన్న ఉద్యోగులు, చాలావరకు నల్లవాళ్లు, మిశ్రమ జాతి వాళ్లు. వాద్యబృందం వాయిస్తుంటే జంటలు సాంబా అడుగులు వేసేవి. మర్యాద తెలియని వాళ్లు చేరే చోటు అని వెక్కిరిస్తూ ఒక పత్రికా రచయిత పెట్టిన పేరే గఫియేరా అని చెబుతారు.

ఆ వెక్కిరింతకు హాళ్లు ఇచ్చిన జవాబు చూడండి. ఇస్త్రీ బట్టలు, బూట్లు ఉంటేనే లోపలికి. ఆడవాళ్లతో మర్యాద తప్పితే బయటికి. నేల మీద జంటలు ఎట్లా మెలగాలో చూడడానికి ఒక మనిషి. వారమంతా మరొకరి వంటింట్లో, మరొకరి మూటల కింద గడిపిన వాళ్లు శనివారం రాత్రి సూటు వేసుకుని, నలుగురిలో తల ఎత్తుకుని నిలబడే చోటు అది. మన పిల్లలు బరాత్ నాడు సూటు తొడిగి, కళ్లద్దాలు పెట్టి, గుర్రమెక్కితే "వీళ్లకెందుకు ఈ షోకు" అనే వాళ్లకు ఈ సంగతి చెప్పాలి. మంచి బట్ట కట్టనీయని కులం ముందు మంచి బట్ట కట్టడం షోకు ఒక్కటే కాదు.

తెల్లవాళ్ల క్లబ్బుల్లో నల్లవాళ్లకు ప్రవేశం ఉండేది కాదు. అందుకే వాళ్లు తమ క్లబ్బులు తామే కట్టుకున్నారు. బానిసత్వం ఇంకా ఉండగానే, 1872లో పోర్టు అలెగ్రెలో ఫ్లొరెస్టా అవురోరా సంఘం పుట్టింది. 1931లో సావో పాలోలో మొదలైన నల్లజాతి రాజకీయ సంస్థ ఫ్రెంచి నెగ్రా బ్రజిలేరా సభలతో పాటు డ్యాన్సులు కూడా పెట్టేది. 1937లో నియంతృత్వం దాన్ని మూసేసింది. 1951లో రియోలో రెనసెన్సా క్లబ్ వచ్చింది. ఈ పద్ధతి మనకు తెలియనిది కాదు. ఊరి ఫంక్షన్ హాలు దొరకనప్పుడు వాడలో అంబేడ్కర్ భవనం ఎందుకు అవసరమో మనకు బాగా తెలుసు.

1950లో కేథరిన్ డనమ్ అనే ఆఫ్రికన్ అమెరికన్ నర్తకిని సావో పాలోలో ఒక పెద్ద హోటల్ లోపలికి రానివ్వలేదు. ఆ గొడవ తర్వాతే 1951లో అఫోన్సు అరీనుస్ చట్టం వచ్చింది. రంగు చూసి హోటల్లోకి, వినోద స్థలాల్లోకి రానివ్వకపోవడాన్ని అది తప్పుగా ప్రకటించింది. శిక్షలు మాత్రం చిన్నవి, పడినవీ కొద్దే. చట్టం కాగితం మీద, కాపలాదారు గుమ్మం మీద.

1970లలో కథ మలుపు తిరిగింది. సైనిక పాలన నడుస్తున్న కాలం. రియో శివార్లలో నల్లజాతి యువకులు సొంతంగా స్పీకర్ పెట్టెలు కూర్చుకుని, జేమ్స్ బ్రౌన్ పాటలు పెట్టి, వేలమందితో డ్యాన్సులు నడిపారు. రెనసెన్సా క్లబ్బులో డాం ఫిలో అనే యువకుడు నడిపిన రాత్రులు అందులో పేరుపొందాయి. నల్లవాళ్లు అందమైన వాళ్లు, చదువుకోవాలి అని చెప్పే చిత్రాలు, మాటలు పాటల మధ్యలో వేసేవాళ్లు. 1976లో పత్రికలు దీనికి బ్లాక్ రియో అని పేరు పెట్టాయి. పాలకులు నిఘా పెట్టారు. ఆడుకునే పిల్లల మీద నిఘా ఎందుకు? వేలమంది నల్లవాళ్లు ఎవరి అనుమతీ లేకుండా ఒకచోట చేరడమే వాళ్లకు భయం. 1974లో సాల్వడార్‌లో నల్లవాళ్లు తమకోసమే ఇలే అయే అనే కార్నివాల్ బృందం పెట్టుకుంటే, అక్కడి పత్రిక దాన్నే జాత్యహంకారం అంది. సంఘం పెట్టుకున్నందుకు "మీరే కులం తెస్తున్నారు" అనే మాట పడని దళిత విద్యార్థి మన విశ్వవిద్యాలయాల్లో ఉన్నాడా?

1978లో సావో పాలోలో ఒక క్లబ్ నలుగురు నల్లజాతి వాలీబాల్ పిల్లలను రానివ్వలేదు. అదే కాలంలో ఒక నల్లజాతి యువకుడు పోలీసుల చిత్రహింసలకు చనిపోయాడు. ఆ రెండు ఘటనల కోపం నుంచి జూలై 7న నగర నాటకశాల మెట్ల మీద వేలమంది గుమిగూడారు. ఏకీకృత నల్లజాతి ఉద్యమం అనే సంస్థ జనం ముందుకొచ్చింది అట్లా. అదే ఏడు, రెండు నెలల తర్వాత ఇక్కడ జగిత్యాలలో జైత్రయాత్ర. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే రెండు నేలల మీద ఒకే మాట లేచింది.

వేదిక ఎక్కిన డప్పు

మన దగ్గర డప్పు వాడ నుంచి వేదిక మీదికి మూడు మెట్లలో ఎక్కింది. 1972లో ఏర్పడిన జన నాట్య మండలి మొదటిది. గద్దర్ గొంతుతో, గొంగడితో, గజ్జెలతో పాటు డప్పు కూడా లక్షల మంది ముందుకు వచ్చింది. రెండోది మాదిగ దండోరా. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన ఈ ఉద్యమం పేరే డప్పు పనిలోంచి వచ్చింది. ఇతరుల మాటను చాటడానికి వెట్టిగా కొట్టిన దండోరా తమ వాటా అడగడానికి మోగింది. మూడోది తెలంగాణ ఉద్యమంలో ధూంధాం. రాష్ట్రం వచ్చాక సాంస్కృతిక సారథిలో కొందరు కళాకారులకు ఉద్యోగాలు కూడా వచ్చాయి.

డప్పును పట్టాలా, పారేయాలా అన్న వాదన మాత్రం మనలో ఇంకా ఉంది. బానిస గుర్తు కాబట్టి వదిలేయాలని కొందరంటారు. అంబేడ్కర్ మహర్లను వారసత్వ ఊడిగాల నుంచి బయటికి రమ్మన్నది, 1928లో మహర్ వతన్‌పై బిల్లు తెచ్చింది ఆ దారిలోనే. మన కళ, మన జ్ఞానం, ఎందుకు వదలాలని ఇంకొందరంటారు. తమిళనాడులో పరై చుట్టూ కూడా ఇదే చర్చ. మా దృష్టిలో రెండు మాటలకూ చోటుంది, ఎంచుకునేది కొట్టేవాడే అయినప్పుడు. ఇందులో ఆడపిల్లల వాటా కూడా అడగాలి. ఊరి డప్పు మగవాళ్ల చేతిలోనే ఉండిపోయింది. ఇప్పుడు ఆడవాళ్లు డప్పు బృందాలు కడుతున్నారు. ఆ అడుగుకు మనం తోవ ఇవ్వాలి.

డీజే వచ్చాక

ఇప్పుడు బరాత్ అంటే డీజే. ట్రాక్టరు మీదో డీసీఎం మీదో పెట్టెలు, రంగు లైట్లు. డీజే పెట్టె కులం అడగదు కాబట్టి మంచిదే అనిపిస్తుంది. కొంత నిజం కూడా. కానీ రెండు సంగతులు చూడాలి.

ఒకటి, పెండ్లిళ్లు డీజేకు పోయాయి, చావులు డప్పుకే మిగిలాయి. గౌరవం, పైసలు ఉన్న సందర్భాలు చేజారి, ఎవరూ కొట్టడానికి ఇష్టపడని సందర్భం మాత్రం కులం పేరుతో మన మెడకే ఉంటోంది. రెండు, డీజే అద్దె వేలల్లో ఉంటుంది. ఆ పెట్టెల యజమాని ఎవరు? రియోలో యువకులు స్పీకర్లు సొంతం చేసుకున్నాకే హాలు వాళ్లదైంది. మన పిల్లలు అద్దె డీజే ముందు ఆడటంతో ఆగకూడదు.

పోలీసుల తీరునూ గమనించాలి. శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్లు నిషేధం. ఇది అందరికీ ఒకటే. వాడ బరాత్‌కు ఒక గడియారం, ఊరి బరాత్‌కు ఇంకో గడియారం ఉంటే అది వివక్ష. బ్రెజిల్‌లో 2019 డిసెంబరు 1న సావో పాలోలోని పరైజోపొలిస్ బస్తీలో ఫంక్ డ్యాన్సు మీద పోలీసు చర్య సమయంలో తొమ్మిది మంది యువత చనిపోయారు. పేదల ఆటను శాంతిభద్రతల సమస్యగా చూసే కన్ను ఎక్కడి దాకా పోగలదో చెప్పడానికి ఈ ఒక్కటి చాలు.

చట్టం చేతిలో ఉంది

విద్యార్థులు, కార్యకర్తలు ఈ నాలుగు సంగతులు నోటికి రావాలి.

రాజ్యాంగం 15(2) అధికరణ కులం పేరుతో హోటళ్లు, వినోద స్థలాలు, రోడ్లు, బావుల దగ్గర ఆంక్షలు పెట్టకూడదంటుంది. బరాత్ నడిచే బజారు కూడా ఇందులోకే వస్తుంది.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989కి 2015లో సవరణ వచ్చింది, 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. సెక్షన్ 3(1)(జెడ్ఏ) కింద పెండ్లి ఊరేగింపును, గుర్రం లేదా బండి ఎక్కడాన్ని అడ్డుకోవడం నేరం.

అదే చట్టం సెక్షన్ 3(1)(హెచ్) కింద వెట్టి చేయించడం నేరం. డప్పు కొట్టక తప్పదని బలవంతం చేస్తే ఫిర్యాదులో ఈ సెక్షన్‌ను పేరుపెట్టి అడగాలి.

సెక్షన్ 3(1)(జెడ్‌సీ) కింద సామాజిక, ఆర్థిక బహిష్కరణ చేయడమే కాదు, చేస్తామని బెదిరించడమూ నేరం. కమిటీ తీర్మానం, చాటింపు, వాట్సాప్ సందేశం ఏది దొరికినా భద్రపరచాలి.

ఇక బతుకుదెరువు. ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారులకు పింఛను ఉంది, 2024 జూలై నుంచి నెలకు రూ. 4,000. తెలంగాణలో ఆసరా పింఛన్లు వృత్తి చూసి చేనేత, గీత, బీడీ కార్మికులకు ఇచ్చారు. సిరిసిల్లలో ఈ మూడు వృత్తుల వాళ్లూ ఉన్నారు, వాళ్లకు అందడం న్యాయం. ఆ పక్క వాడలోనే ఉండే డప్పు కళాకారుడి వృత్తి ఆ జాబితాలో లేకుండా పోయింది. ఊరి ప్రతి పండుగకూ కావాల్సిన వాడు సర్కారు లెక్కకు ఎందుకు రాలేదని అడగాలి.

మీ ఊర్లో ఈ ఏడు జరిగే బరాత్‌లు, పీర్ల పండుగ, బోనాలు గమనించండి. డప్పు ధర ముందే మాట్లాడుతున్నారా, పైసలు చేతికిస్తున్నారా, విస్తరి ఎక్కడ వేస్తున్నారు, బరాత్ ఏ బజారు దాకా పోయి మలుగుతోంది, చావుకు రానంటే ఏమంటున్నారు అని రాసి పెట్టుకోండి. తారీఖు, చోటు రాయండి. ఊరు అందరిదీ అనే మాట నిజమో కాదో ఆ నోటుబుక్కులో తేలుతుంది. రేపు ఠాణాలో ఫిర్యాదు రాయాల్సి వస్తే మొదటి ఆధారం కూడా అదే అవుతుంది.